మూడు రోజులు, నలభై ఏళ్లు: ఎమిలీ ఎందుకు చంపింది?

అమెరికన్ రచయిత విలియం ఫాక్నర్ రాసిన "ఎ రోజ్ ఫర్ ఎమిలీ" కథలో హత్య ఎక్కడా కనబడదు. చూసినవాళ్లు లేరు, ఒప్పుకున్నవాళ్లు లేరు. కథ చెప్పేవాళ్లు కూడా "ఆమే చంపింది" అని ఒక్కచోటా అనరు. మనకి దొరికేవి మూడే. మందుల షాపులో కొన్న ఆర్సెనిక్ విషం, ఇంటిచుట్టూ కొన్నాళ్లు కొట్టిన కంపు, నలభై ఏళ్ల తర్వాత పై గదిలో మంచం మీద బయటపడిన శవం. గట్టి లాయరు చేతిలో పడితే ఈ కేసు నిలబడుతుందో లేదో చెప్పలేం. అయినా చదివినవాళ్లెవరికీ చంపింది ఎవరన్న దాని మీద అనుమానం రాదు. తగువంతా ఎందుకు చంపింది అన్నచోటే.

కథ చదవనివాళ్లు ఇక్కడ ఆగి, ముందు అది చదివి రావడం మంచిది. అరగంట పని. 1930 ఏప్రిల్‌లో 'ది ఫోరమ్' అనే అమెరికన్ పత్రికలో వచ్చింది. దేశమంతటా చదివే పత్రికలో ఫాక్నర్ కథ పడటం అదే మొదలు. మిసిసిపీ రాష్ట్రంలో ఆయన కల్పించుకున్న జెఫర్సన్ అనే చిన్న పట్నంలో జరుగుతుంది. కథ చెప్పేది "మేము". అంటే ఊరు. ఎమిలీ గ్రియర్సన్ గురించి మనకి తెలిసిన ప్రతి ముక్కా ఈ ఊరి నోటి నుంచి వచ్చిందే. ఆమె మనసులోకి మనం ఒక్కసారి కూడా వెళ్లలేం. కిటికీలో కూర్చుని ఉండగా చూస్తాం, బండిలో తల ఎత్తుకుని పోతుండగా చూస్తాం, అంతే.

ఇంకో చిక్కు, ఊరు వరసగా చెప్పదు. మొదలే ఆమె అంత్యక్రియలు. తర్వాత పన్ను గొడవ, ఆ తర్వాత కంపు గొడవ, దాని తర్వాత ప్రేమ వ్యవహారం, అప్పుడు విషం. కంపు గురించి ముందే చదివేస్తాం కాబట్టి, విషం దగ్గరికి వచ్చేసరికి ఆ రెంటినీ కలపాలన్న ఆలోచన రాదు. మొదటిసారి చదివినప్పుడు నేనూ అలాగే బోల్తా పడ్డాను. రెండోసారి కాగితం తీసుకుని జరిగినవన్నీ జరిగిన వరసలో రాసుకున్నాను. ఈ కథతో కుస్తీ పట్టదలిచిన ఎవరికైనా నేనిచ్చే సలహా అదొక్కటే.

ఆ వరస ఇలా ఉంటుంది. ఎమిలీ తండ్రి బతికున్నన్నాళ్లూ వచ్చిన సంబంధాలన్నీ తరిమేశాడు. గ్రియర్సన్ల ఇంటికి తగినవాడు ఊళ్లో లేడని ఆయన లెక్క. ఊరి కళ్లలో నిలిచిపోయిన బొమ్మ ఒకటుంది: వాకిట్లో కొరడా పట్టుకుని తండ్రి, ఆయన వెనకాల తెల్లబట్టల్లో సన్నగా కూతురు. ముప్ఫై ఏళ్లు వచ్చినా పెళ్లి కాలేదు. అప్పుడు తండ్రి పోయాడు. మర్నాడు పలకరించడానికి వెళ్లిన ఆడవాళ్లకి గుమ్మంలో ఎదురొచ్చింది. మామూలు బట్టల్లో ఉంది, ముఖంలో దుఃఖం జాడే లేదు. నాన్న చనిపోలేదు అంది. మూడు రోజులు అదే మాట. పాస్టర్లు వచ్చారు, డాక్టర్లు వచ్చారు. చివరికి చట్టప్రకారం బలవంతంగా తీసుకుపోదాం అనుకునేసరికి ఆమె కూలిపోయింది. ఆ సందు చూసుకుని గబగబా పాతిపెట్టేశారు.

తర్వాత చాన్నాళ్లు మంచాన పడింది. లేచేసరికి జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది, చిన్నపిల్లలా కనబడింది. ఆ వేసవిలోనే పేవ్‌మెంట్లు వేయించే కాంట్రాక్టు మనుషులతో హోమర్ బారన్ వచ్చాడు. ఉత్తరాది వాడు, కూలీల మీద మేస్త్రీ. పెద్ద గొంతు, కలుపుగోలు మనిషి. ఆదివారం మధ్యాహ్నాలు పసుపు చక్రాల బగ్గీలో ఇద్దరూ షికారు పోవడం మొదలైంది. "పాపం ఎమిలీ" అంది ఊరు. మొదట జాలిగా అంది, తర్వాత చెవులు కొరుక్కుంటూ అంది. ఆడవాళ్లు పోరితే బాప్టిస్టు పాస్టరుగారు ఆమెతో మాట్లాడటానికి వెళ్లాడు (గ్రియర్సన్లది ఎపిస్కోపల్ చర్చి, ఆయనకి అసలు సంబంధమే లేదు). లోపల ఏం జరిగిందో ఆయన ఎవరికీ చెప్పలేదు, మళ్లీ ఆ గడప తొక్కనూ లేదు. ఆయన భార్య అలబామాలోని చుట్టాలకి ఉత్తరం రాసింది. ఇద్దరు దాయాది ఆడవాళ్లు దిగారు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన రోజులు ఇవే. ఆ చుట్టాలు ఇంట్లో ఉండగానే ఎమిలీ రెండు రకాల కొనుగోళ్లు చేసింది. నగల షాపులో మగవాళ్ల అలంకరణ సామాను వెండిది చేయించింది, ప్రతి వస్తువు మీదా హోమర్ బారన్ పొడి అక్షరాలు వేయించింది. రెండు రోజుల తర్వాత అతనికి పూర్తి బట్టల జత, రాత్రి వేసుకునే చొక్కాతో సహా, కొంది. ఊరు సంబరపడింది: పెళ్లయిపోయింది! ఆ చుట్టాలున్న రోజుల్లోనే మందుల షాపుకి వెళ్లి విషం కావాలంది. ఏ రకమైనా ఫరవాలేదు, ఉన్నదాంట్లో మంచిది ఇమ్మంది. దేనికో చెప్పాలి, చట్టం ఉంది అన్నాడు షాపువాడు. ఆమె తల కొంచెం వెనక్కి వంచి అతని కళ్లలోకి చూస్తూ నిలబడింది. చివరికి అతనే చూపు తిప్పుకుని లోపలికి పోయాడు. పొట్లం పనికుర్రాడి చేత పంపించాడు, తను మళ్లీ బయటికి రాలేదు. ఇంటికొచ్చి విప్పి చూస్తే డబ్బా మీద పుర్రె బొమ్మ కింద "ఎలుకల కోసం" అని రాసి ఉంది. తాను చెప్పని కారణాన్ని షాపువాడే రాసి పెట్టాడు.

తర్వాత హోమర్ ఊరొదిలి వెళ్లాడు. వారం తిరిగేసరికి చుట్టాలూ వెళ్లిపోయారు. మూడు రోజుల్లో హోమర్ తిరిగొచ్చాడు. ఒక సాయంత్రం మసకచీకట్లో నల్లజాతి పనివాడు టోబ్ వంటింటి తలుపు తీసి అతన్ని లోపలికి తీసుకెళ్లడం పొరుగువాళ్లలో ఒకరు చూశారు. ఆ తర్వాత అతన్ని ఎవరూ చూడలేదు.

తేదీల గురించి ఒక్క మాట. కథలో గట్టిగా దొరికే సంవత్సరం 1894. తండ్రి పోయిన నాటి నుంచి ఎమిలీ పన్నులు కట్టక్కర్లేదని మేయరు కర్నల్ సార్టోరిస్ మాఫీ చేసిన ఏడు అది. తండ్రి పోయింది ఆ దగ్గర్లోనే అనుకుని, ఆమెకి అప్పుడు ముప్ఫై దాటాయి, 74వ ఏట పోయింది అన్న లెక్కలు కలిపితే, ఆమె చావు కథ అచ్చయిన 1930ని దాటి ముందుకి పోతుంది! ఈ ముడి విప్పడానికి పండితులు పట్టికల మీద పట్టికలు వేశారు. ఫాక్నర్ అంత లెక్క చూసుకుని రాశాడని నేననుకోను.

ఇక కారణాల సంగతి. అందరికీ మొదట తట్టేది, హోమర్ వదిలేసి పోతున్నాడు కాబట్టి కోపంతో చంపింది అన్నది. ఊరు కూడా అతనితో పెళ్లి జరగదనే భయపడుతూ వచ్చింది. తాను పెళ్లి చేసుకునే రకం కాదని అతనే అన్నాడట. మగవాళ్ల సావాసమే తనకిష్టమని కూడా అన్నాడట, క్లబ్బులో కుర్రాళ్లతో తాగేవాడట. ఈ వాక్యం పట్టుకుని హోమర్ స్వలింగ సంపర్కుడని వాదించినవాళ్లున్నారు. కావచ్చు, కాకపోవచ్చు. కానీ ఆ "అట" లన్నీ ఊరి నోటివే, వాటి మీద ఒక హత్యను నిలబెట్టడానికి నాకు ధైర్యం చాలదు. పైగా కోపం సిద్ధాంతానికి కథే అడ్డం వస్తుంది. అతను వెళ్లాడు నిజమే, కానీ తిరిగొచ్చాడు. విషం కొన్నది అతను ఆఖరిసారి వంటింటి గుమ్మం తొక్కకముందే. అంటే ఆవేశంలో చేసిన పని కాదు. ఒక చేత్తో వెండి దువ్వెనలూ ఇంకో చేత్తో పాషాణమూ సమకూర్చుకున్న మనిషి ఈమె. మనకి అవి రెండు ఏర్పాట్లుగా కనబడతాయి, ఒకటి పెళ్లికి, ఒకటి చావుకి. ఆమెకి ఒకటే ఏర్పాటేమోనని నా అనుమానం.

రెండోది, పిచ్చి. ఊరు దీనికి ముందే దారి వేసి పెట్టుకుంది. వైయట్ అనే ముసలావిడ, ఎమిలీకి నాయనమ్మ వరస, చివర్లో పూర్తిగా మతి పోగొట్టుకుందని తలుచుకుంటారు. కానీ తండ్రి శవాన్ని వదలనప్పుడు మాత్రం "అప్పుడు మేం ఆమెను పిచ్చిదనలేదు" అంటుంది ఊరు. మందుల షాపులో నిలబడ్డ తీరు చూడండి. కారణం చెప్పాల్సిన అవసరం లేకుండా పని జరిపించుకోవడం ఎలాగో ఆమెకి బాగా తెలుసు. తర్వాతెప్పుడో పన్ను అడగడానికి నగర పెద్దలు వస్తే, చనిపోయి దాదాపు పదేళ్లయిన కర్నల్ సార్టోరిస్‌ని వెళ్లి అడగమంది. మతి పోయి అందా, పొగరుతోనా? వాళ్లు వచ్చిన దారినే వెళ్లిపోయారు, పన్ను కట్టలేదు. మతి పోయినదాని పనులు ఇంత చక్కగా నెరవేరవు.

అమెరికా అంతర్యుద్ధంలో తలపడ్డ దక్షిణాదికీ ఉత్తరాదికీ మధ్య పోరాటంగా చదివేవాళ్లూ ఉన్నారు. ఎమిలీ ఓడిపోయిన దక్షిణం, హోమర్ గెలిచిన ఉత్తరం, ఇలా. అంత్యక్రియలకి ముసలివాళ్లు దక్షిణాది సైనిక యూనిఫారాలు దులుపుకుని వేసుకొచ్చారు కాబట్టి దానికి కొంత ఆధారం ఉంది. అయితే ప్రతీకలు మందుల షాపుకి వెళ్లి విషం కొనవు.

1943లో క్లీయంత్ బ్రూక్స్, రాబర్ట్ పెన్ వారెన్ అనే అమెరికన్ విమర్శకులు ఈ కథని పాఠంగా వివరిస్తూ ఎమిలీ గర్వం మీద దృష్టి పెట్టారు. లోకం ఒప్పుకోని తన ఇష్టాన్నే లోకంగా చేసుకుని బతకగలిగిన మనిషిగా, దాదాపు విషాద నాయికగా ఆమెను చూశారు. ఇందులో పస ఉంది. చావుని కూడా ఆమె ఊరి పెద్దల్ని చూసినట్టే చూసింది, తన గుమ్మంలో దాని అధికారం చెల్లదన్నట్టు. 1978లో జుడిత్ ఫెటర్లీ అనే స్త్రీవాద విమర్శకురాలు దీన్ని తిరగేసి చూపించింది. నాకు బాగా నచ్చిన చదువు అదే. కంపు గురించి ఫిర్యాదులు వచ్చినప్పుడు జడ్జి స్టీవెన్స్, అప్పటి మేయరు, ఎనభై ఏళ్లవాడు, ఏమన్నాడు? ఒక పెద్దింటి ఆడమనిషి ముఖం మీదే నీ దగ్గర కంపు కొడుతోందని ఎలా అంటామయ్యా అన్నాడు. అందుకని నలుగురు మగాళ్లు అర్ధరాత్రి దాటాక దొంగల్లా వెళ్లి, నేలమాళిగ తలుపు పగలగొట్టి సున్నం చల్లి వచ్చారు. ఆమె కిటికీలో విగ్రహంలా కూర్చుని చూస్తూనే ఉంది. వారం రెండు వారాల్లో కంపు పోయింది. ఫెటర్లీ వాదనలోని సారం ఇది: ఆమెను ముప్ఫై ఏళ్లు ఇంట్లో కట్టిపడేసిన "పెద్దింటి ఆడమనిషి" అన్న ముద్రే, ఆమె చేసిన హత్యను దాచిపెట్టింది. సోదా చేయవలసినవాళ్లు సున్నం చల్లి వెళ్లిపోయారు. కారణం అడగవలసినవాడు "ఎలుకల కోసం" అని తనే రాసిచ్చాడు. ఊరు గుడ్డిదైతే సరే అనుకోవచ్చు. చూపున్న ఊరు మర్యాద కొద్దీ కళ్లు మూసుకుంది.

అయితే ఇది ఎలా తప్పించుకుందో చెబుతుంది. ఎందుకు చంపిందన్నది ఇంకా మిగిలే ఉంది. దానికోసం నేను పదే పదే వెనక్కి వెళ్లేది ఆ మూడు రోజుల దగ్గరికే.

తండ్రిని పాతిపెట్టాక ఊరు ఒక వాక్యం అంటుంది. ఇక ఆమెకి ఏమీ మిగల్లేదు కాబట్టి, తనని దోచుకున్నదాన్నే పట్టుకుని వేలాడక తప్పదు, మనుషులు అంతే కదా అని. తండ్రి గురించి అన్న మాట అది. కథలో హోమర్ అప్పటికింకా ఊళ్లోకే రాలేదు. కానీ హత్యకి కారణం ఆ వాక్యంలోనే దాచాడు ఫాక్నర్ అని నా నమ్మకం. ఆ మూడు రోజుల్లో ఎమిలీ ఒకటి నేర్చుకుంది. చచ్చిన మనిషి వదిలిపోడు. చచ్చిన మనిషిని జనం వచ్చి తీసుకుపోతారు. మొదటిసారి ఆమె గుమ్మంలోకొచ్చి నిలబడి మాట్లాడింది, అందుకే ఓడిపోయింది. రెండోసారి ఎవరికీ చెప్పలేదు. ఈసారి మనిషి బతికుండగానే వెళ్లిపోయే రకం, చుట్టాలో పాస్టరో రోడ్డు పనో ఎప్పుడైనా లాక్కుపోవచ్చు. చావే అతన్ని ఆ ఇంట్లో కట్టేయగల తాడు. పైగదిలో మంచం మీద దొరికిన హోమర్ పెళ్లికొడుకు లాగే ఉన్నాడు. గులాబీ రంగు కర్టెన్లు, గులాబీ రంగు దీపాలు, నల్లబడిన వెండి సామాను, కుర్చీకి మడిచి వేలాడేసిన సూటు, కింద బూట్ల జత, విడిచిన సాక్సులు. పగ తీర్చుకున్న మనిషి గది అలా ఉండదు.

ఫాక్నర్‌ని 1950ల చివర్లో వర్జీనియా విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇదే అడిగారు. ఆయన చెప్పినదాని సారాంశం: ఆమె దగ్గర ఒకటి ఉంది, దాన్ని నిలుపుకోవాలనుకుంది, ఎంతకైనా తెగించి నిలుపుకోవాలనుకోవడం చెడ్డదే, అయినా ఆమె అంటే నాకు జాలి. తాను చేసింది పాపమని ఆమెకి తెలుసని, అందుకే ఇంకో ప్రియుణ్ని వెతుక్కోకుండా జీవితమంతా దానికి ప్రాయశ్చిత్తం చేసుకుందని కూడా అన్నాడు. గులాబీ ఎందుకంటే, ఆడమనిషికి మర్యాద చేయాలంటే ఒక గులాబీ ఇస్తాం కదా, అలాంటి నమస్కారం అని అంతకుముందే 1955లో జపాన్‌లో అన్నాడు. మొదటి మాట నాకు సమ్మతమే. ప్రాయశ్చిత్తం మాట మాత్రం కథలో నాకు దొరకలేదు. నలభై ఏళ్ల వయసులో ఆమె ఆరేడేళ్లపాటు కింద గదిలో ఊరి ఆడపిల్లలకి పింగాణీ మీద బొమ్మలు వేయడం నేర్పింది. ఆదివారం చర్చికి హుండీలో వేయడానికి పాతిక సెంట్లు ఇచ్చి పంపినంత భక్తిగా తల్లులు పిల్లల్ని పంపేవాళ్లు. ఆ పిల్లల తలల మీద పై అంతస్తులో హోమర్ ఉన్నాడు. పశ్చాత్తాపం అలా ఉంటుందా? కథ రాసినవాడి మాట ఆఖరి మాట కానక్కర్లేదు.

నిజం తెలిసినవాడు ఒకడున్నాడు, టోబ్. వంట, తోటపని, బజారు అన్నీ అతనివే. ఊరు అడిగి అడిగి విసుగెత్తి మానేసింది. అతను ఎవరితోనూ మాట్లాడడు, బహుశా ఆమెతో కూడా, వాడక అతని గొంతు తుప్పు పట్టింది అంటుంది కథ. ఎమిలీ పోయిన రోజు వీధి తలుపు తీసి ఆడవాళ్లని లోపలికి పంపి, ఇంట్లోంచి నడుచుకుంటూ పెరటి తలుపున బయటికి పోయాడు. మళ్లీ కనబడలేదు. నల్లజాతి ఆడది ఏప్రన్ లేకుండా వీధిలోకి రాకూడదని శాసించిన మేయరు ఏలిన ఊరు అది. అతని మౌనానికి కారణాలు వెతకడం పెద్ద కష్టం కాదు. కథ ముగిసేలోగా ఎవరూ అతన్ని వెతకలేదు కూడా.

ఇక ఆ వెంట్రుక. పాతిపెట్టడం మర్యాదగా ముగిశాకే పైగది తలుపు పగలగొట్టారు. హోమర్ పక్కన రెండో దిండు మీద తల ఆనిన గుంట, అందులో పొడవాటి ఇనుప రంగు నెరిసిన వెంట్రుక ఒకటి. చదివేవాళ్లందరూ ఇక్కడ ఉలిక్కిపడి పుస్తకం మూసేస్తారు. నేను రంగు దగ్గర ఆగుతాను. హోమర్ మాయమైన కొత్తలో ఆమె జుట్టు ఇంకా నెరవడం మొదలుపెట్టింది అంతే. ఇనుప రంగులోకి తిరగడానికి ఆ తర్వాత కొన్నేళ్లు పట్టిందని కథే చెబుతుంది. అంటే ఆమె ఆ పక్కన పడుకున్నది ఒక్క రాత్రి కాదు, ఒక్క ఏడాదీ కాదు. కానీ దానికి ముందు పేరాలో ఇంకో మాట ఉంది, చాలామంది దాటేసేది. హోమర్ మీదా, పక్క దిండు మీదా సమానంగా దుమ్ము పరుచుకుని ఉంది. చివర్లో ఆమె పై అంతస్తు మూసేసి కింద గదుల్లోనే బతికింది, కిందనే ఒక వాల్‌నట్ మంచం మీద పోయింది.

అంటే ఏదో ఒక రాత్రి ఆమె పైకి ఎక్కడం మానేసింది. కాళ్లు సహకరించకనో, మరి ఇంకేదో. ఎందుకు చంపిందన్న దానికి ఏదో ఒక జవాబు చెప్పుకోగలుగుతున్నాను గానీ, ఆ మెట్లు ఎక్కడం ఎప్పుడు ఎందుకు ఆపిందో ఊరికీ తెలియదు, నాకూ దొరకలేదు.